బంగారు రేకు: సుత్తెయు, విద్యుత్తును

బంగారమును గూర్చి మన భాషలో మాటలకు కొదువ లేదు. మేలిమి, పుత్తడి, అపరంజి, కుందనము అనునవి లోహమునకు పేర్లు. రేకు, తాపడము, మొలాము అనునవి దానిని వాడు విధానములకు పేర్లు. బంగారమునే సాగగొట్టి ఆకుకంటె పలుచగా చేసినది రేకు. బంగారపు తొడుగు గల రాగి పలకలను గుడి విమానమునకో, ధ్వజస్తంభమునకో బిగించుట తాపడము. వెండిపైననో రాగిపైననో బంగారు పూత పట్టించుట మొలాము. మన పెద్దలు ఈ మూడింటిని ఏనాడును ఒకటిగా కలిపి చెప్పలేదు. నేటి అంగళ్ళలో మూడింటికిని 'గోల్డ్' అను ఒక్క మాటయే చెల్లుచున్నది. మాట ఒకటి కాగానే సరకుకూడ ఒకటియేయని కొనువాడు తలచుచున్నాడు.

తమిళదేశమున తరతరములుగా కాపురమున్న తెలుగువారి ఇండ్లు అనేకములలో తంజావూరు పటము కానవచ్చును. వెన్నముద్ద పట్టిన బాలకృష్ణుడో, శ్రీరామ పట్టాభిషేకమో పూజామందిరమున మెరయుచుండును. పెండ్లిండ్లకును గృహప్రవేశములకును ఈ పటములను కానుకగా ఇచ్చు వాడుక నేడు పెరిగినది. కాని ఆ పటములోని పసిమి రేకా, పూతా, లేక వట్టి ఇత్తడి తళుకా అని అడుగువారు తక్కువ. పలుచని లోహముపై విద్యుచ్ఛక్తితో బంగారమును పట్టించి, దాని నుండియే రేకును తీయవచ్చునని పాశ్చాత్య శాస్త్రజ్ఞులు 19వ శతాబ్దిలోనే చేసి చూపిరి. అయినను పటములకు రేకు నేటికిని సుత్తెదెబ్బ వలననే వచ్చుచున్నది. ఇట్లేల జరిగినదో, ఆ కథతో మనకు గల సంబంధమేమో క్రమముగా విన్నవింతుము.

బంగారము లోహములన్నిటిలో మిక్కిలి సాగునది. గాలికి నల్లబడదు, తేమకు చిలుము పట్టదు. ఈ రెండు గుణములును ఉన్నందుననే రేకుపని పుట్టినది. ప్రాచీన ఈజిప్టు శిల్పులు కొయ్యబొమ్మలకు బంగారు రేకు అంటించిరి. క్రీస్తుశకము మొదటి శతాబ్దివాడైన రోమను పండితుడు ప్లినీ, ఒక ఔన్సు బంగారమునుండి నాలుగు వ్రేళ్ళ చదరపు రేకులు 750కి పైగా తీయవచ్చునని వ్రాసియున్నాడు. నాటికే ఈ పని ఎంత ముదిరినదో దీనివలన తెలియును.

రేకు కొట్టు విధానము దేశదేశమునకు కొంత మారినను మూలసూత్రము ఒక్కటియే. బంగారములో కొద్దిగా వెండియు రాగియు కలిపి కరగించి కడ్డీ పోయుదురు. కడ్డీని పట్టీగా సాగదీసి చిన్న చదరపు ముక్కలుగా కత్తిరింతురు. ఆ ముక్కలను తోలుపొరల నడుమనో, ప్రత్యేకముగా సిద్ధపరచిన కాగితముల నడుమనో ఒకదానిపై ఒకటి పేర్చి, కట్టగా కట్టి, రాతిదిమ్మెపై ఉంచి బరువైన సుత్తెతో మోదుదురు. అంచులకు సాగిన రేకును నాలుగుగా కోసి, మరల పేర్చి, మరల కొట్టుదురు. తుదిదశలో ఐరోపావారు ఎద్దు ప్రేవులనుండి తీసిన పలుచని పొరను వాడిరి. అది ఎన్ని దెబ్బలకైనను చినుగదు. హైదరాబాదు చార్మినారు పరిసరములలో మిఠాయిలపై వేయు వెండి వరఖును కొట్టినవారి పనియు ఈ జాతిదే. తిండిపై వేయు వెండి రేకును జంతుసంబంధమైన పొరలతో చేయరాదని మన దేశపు ఆహార భద్రతా సంస్థ 2016లో నిబంధన చేసినది. రేకుపని ఎంత పాతదైనను కాలముతోపాటు దాని పరికరములు మారక తప్పదనుటకు ఇది నిదర్శనము.

ఇట్లు కొట్టిన రేకు మందము ఇంచుమించు మైక్రానులో పదియవ వంతు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. గ్రాము బంగారముతో సుమారు అర చదరపు మీటరు స్థలమును కప్పవచ్చును. ఊపిరి తగిలిన చాలును, రేకు ఎగిరిపోవును. అందుచేత పనివాండ్రు గాలి తగులని చోట కూర్చుండి, కుంచెతోను వెదురు పటకారుతోను దానిని ఎత్తుదురు. 'బంగారు పళ్ళెమునకైనను గోడ చేర్పు కావలెను' అను మన సామెత రేకు విషయమున అక్షరాల నిజము. చెక్కయో, సుద్దయో, రాయియో చేర్పు లేనిదే రేకు నిలువదు.

ఆ చేర్పును సిద్ధపరచుటలో పేరుపొందినవారు తంజావూరు చిత్రకారులు. వారి చరిత్ర మన చరిత్రలో ఒక భాగము. తంజావూరును 1532 మొదలు 1673 వరకు ఏలిన నాయకరాజులు తెలుగువారు. రఘునాథ నాయకుడును, ఆయన కుమారుడు విజయరాఘవ నాయకుడును తామే కవులై తెలుగు కవులను పోషించిరి. 1565లో తళ్ళికోట యుద్ధము జరిగి విజయనగరము పాడుపడిన పిమ్మట, ఆశ్రయమును వెదకుకొనుచు దక్షిణమునకు తరలివచ్చిన కళాకారులలో తెలుగు మాటలాడు రాజులు ఉండిరని సంప్రదాయము చెప్పుచున్నది. తంజావూరులో రాజులును, మధుర, తిరుచిరాపల్లి ప్రాంతములలో నాయుళ్ళును ఈ చిత్రకళను కులవృత్తిగా సాగించిరి. 1676లో అచట నెలకొన్న మహారాష్ట్ర ప్రభువుల కాలమున, ముఖ్యముగా రెండవ శరభోజి (1798–1832) ఏలుబడిలో, నేడు మనము చూచు తంజావూరు పటము తన రూపమును పొందినది. ఏలిక మారినను, చుట్టునున్న భాష మారినను, కుంచె పట్టిన చేయి మాత్రము మారలేదు.

తమిళమున దీనిని 'పలగై పడం' అందురు. పలకపై వ్రాసిన పటమని అర్థము. పనసచెక్కనో టేకుచెక్కనో పలకగా చేసి, దానిపై గుడ్డ అంటించి, సుద్దపొడియు జిగురును కలిపిన పూత పూసి నునుపు చేయుదురు. బొమ్మ గీసిన తరువాత నగలు, కిరీటము, మండపపు స్తంభములు, తోరణములు ఉబ్బెత్తుగా కనబడుటకు సుద్దముద్దతో మిట్టపని చేయుదురు. నడుమనడుమ రాళ్ళు పొదుగుదురు. పిదప మిట్టపనిపై జిగురు రాచి బంగారు రేకు వేసి, ఒత్తి, ప్రతి గీతయు తేలునట్లు అదుముదురు. రంగులు ఆ తరువాత వచ్చును. మైసూరు పటములలో మిట్టపని కొంచెము తక్కువ ఎత్తున ఉండును, రేకు మిక్కిలి పలుచగా ఉండును. ఏ పద్ధతియైనను రేకు మెత్తగా లొంగి మిట్టపల్లముల వెంట పోవలెను. లొంగని రేకు చినుగును, లేదా గీతను కప్పివేయును. పటమునకు కావలసిన గుణము పలుచదనము ఒక్కటియే కాదు, లొంగుటయు అంతే ముఖ్యము. ఈ మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఇక మొలాము సంగతి. పూర్వము బంగారమును పాదరసములో కరగించి, ఆ ముద్దను లోహమునకు రాచి, నిప్పుపై కాచెడివారు. పాదరసము ఆవిరియై పోగా బంగారము అంటుకొని నిలిచెడిది. పూత గట్టిది, అందమైనది. కాని ఆ ఆవిరిని పీల్చిన పనివాని చేతులు వణకెడివి, పండ్లు ఊడెడివి, మతి చెడెడిది. ఈ కీడునుండి పనివానిని తప్పింపవలెనను కోరికకూడ విద్యుత్పూత పుట్టుటకు ఒక కారణమైనది.

1800లో ఇటలీ దేశీయుడు వోల్టా విద్యుత్ ఘటమాలను నిర్మించెను. అతని దేశీయుడే యైన బ్రున్యతెల్లి 1805లో విద్యుత్ప్రవాహముతో వెండి పతకములకు బంగారు పూత పట్టించెను. 1834 నాటికి ఇంగ్లండులో మైకేల్ ఫారడే, ప్రవహించిన విద్యుత్తు ఎంతయో దానికి తగినంత లోహమే పేరుకొనునను నియమమును స్థాపించెను. జెనీవాలో ద లా రీవ్ పాదరసము అక్కరలేని పూతకై కృషిచేసి 1840లో ఫలితమును ప్రకటించెను. ఆ సంవత్సరముననే బర్మింగుహాము నగరమున ఎల్కింగ్టన్ కుటుంబమువారు పేటెంటు పొందిరి. జాన్ రైట్ అను వైద్యుడు పొటాషియం సయనైడు ద్రావణము ఈ పనికి మిక్కిలి అనుకూలమని కనిపెట్టగా, దానినే వారు వాడిరి. అప్పటినుండి విద్యుత్పూత వ్యాపారమైనది.

పని తీరు సులభముగనే బోధపడును. బంగారు లవణము కరగిన ద్రావణమున, పూత పట్టవలసిన వస్తువును ఋణధ్రువమునకు తగిలించి ముంచుదురు. ప్రవాహము పారగా బంగారము పొరపొరగా దానిపై పేరుకొనును. సయనైడు ద్రావణములో ఒక ఆంపియరు ప్రవాహము గంటసేపు నడచిన, నష్టమేమియు లేనిచో 7.35 గ్రాముల బంగారము పడును. కాలమును కొలిచిన బంగారమును తూచినట్లే. చేతిపనిలో ఇంతటి లెక్క దొరకదు.

పూత ఇంత పలుచగా వేయగలిగినప్పుడు, ఆ పూతనే వస్తువునుండి ఊడదీసిన రేకు కాదా యను ప్రశ్న పుట్టుట సహజము. అమెరికాలో ఫిలడెల్ఫియా టంకశాల పరీక్షాశాఖలో పనిచేసిన ఔటర్‌బ్రిడ్జ్ 1877లో ఈ ప్రయోగమును ప్రకటించెను. అంగుళములో వేయింట అయిదు వంతుల మందము గల రాగి రేకును తీసికొని, రెండున్నర అంగుళముల వెడల్పు, నాలుగు అంగుళముల పొడవు గల ముక్కగా కత్తిరించి, శుభ్రపరచి, మెరుగుపెట్టి, తూచి, విద్యుత్తుతో బంగారు పూత వేసి, మరల తూచెను. రెండు ముఖములును కలిసి 20 చదరపు అంగుళములు. పెరిగిన బరువు గ్రెయినులో పదియవ వంతు. అనగా ఒక గ్రెయిను బంగారము 200 చదరపు అంగుళములు కప్పగలదు. సుత్తెతో కొట్టిన రేకు గ్రెయినుకు 75 చదరపు అంగుళములే యని ఆయన లెక్క. పిమ్మట రాగిని పలుచని నత్రికామ్లమున కరగింపగా బంగారపు పొర మాత్రము తేలుచు నిలిచెను. నత్రికామ్లము రాగిని తినును, బంగారమును తాకదు. ఇంగ్లండులో విద్యుద్దీపమును కనిపెట్టినవారిలో ఒకడైన జోసెఫ్ స్వాన్ (1828–1914) కూడ రాగిపై బంగారమును పట్టించి, తరువాత రాగిని తొలగించి రేకు తీయు యత్నము చేసెను.

శాస్త్రదృష్టితో ఇది గొప్ప విజయము. వ్యాపారదృష్టితో ఏమగునో లెక్కవేసి చూతము. మేము జీవితమంతయు గుమాస్తాగిరిలో కూడికలు తీసివేతలు చేసినవారము గనుక లెక్క చూడనిదే మాకు తృప్తి కలుగదు. ఒక తంజావూరు పటములో 60 చదరపు అంగుళముల మేర రేకు పడునను కొందము. ఔటర్‌బ్రిడ్జ్ చెప్పిన అంకెల ప్రకారము సుత్తె రేకైన 0.8 గ్రెయిను, విద్యుత్తు పొరయైన 0.3 గ్రెయిను బంగారము పట్టును. ఆదా అర గ్రెయిను, అనగా ఇంచుమించు 32 మిల్లీగ్రాములు. ఇక ఖర్చు చూడుడు. 60 చదరపు అంగుళముల పొరకై, రెండు ముఖములును లెక్కకు వచ్చును గనుక, 30 చదరపు అంగుళముల రాగి రేకు కావలెను. అంగుళములో వేయింట అయిదు వంతుల మందమైన ఆ రాగి బరువు సుమారు 22 గ్రాములు. 32 మిల్లీగ్రాముల బంగారము మిగుల్చుకొనుటకు 22 గ్రాముల రాగిని ఆమ్లములో కరగింపవలెను! ఆ ఆమ్లము ధర, దానినుండి లేచు విషపు పొగ, కరగిన రాగిని తిరిగి రాబట్టు శ్రమ దీనికి పైమాటలు.

బంగారము చేతికి వచ్చిన తరువాత కష్టము వేరుగా మొదలగును. విద్యుత్తుతో పేరుకొన్న మిక్కిలి పలుచని పొరలో సూక్ష్మరంధ్రములు నిలుచుట సామాన్యము. ద్రావణమున తేలు ఆ పొరను చినుగకుండ ఎత్తి, కడిగి, ఆరబెట్టి, పుస్తకములో పేర్చుట సుత్తె కొట్టుటకంటె కష్టతరము. రాగి పోయినంతనే దాని చేర్పు పోయినది. సామెతలోని గోడను పడగొట్టి, పళ్ళెమును గాలిలో నిలుపుమన్నట్లున్నది. కొట్టిన రేకు కాగితముల నడుమనే పుట్టును, కాగితముల నడుమనే చిత్రకారుని చేరును. అతడు దానిని తన పటపు చేర్పుపైకి ఒక్కసారి దించును, అంతటితో సరి.

నేటికిని లోకమున రేకుపని సుత్తెతోడనే సాగుచున్నదనుటకు జపానులోని కనజావా నగరము తార్కాణము. ఆ దేశపు బంగారు రేకు ఇంచుమించు అంతయు అచ్చటనే తయారగును. సుత్తెను యంత్రము ఎత్తిదించుచున్నది గాని దెబ్బ దెబ్బయే. ప్రత్యేకపు కాగితముల నడుమ కొట్టు పాతపద్ధతిని, దారుశిల్ప సంరక్షణకు సంబంధించిన ఇతర విద్యలతోపాటు, 2020లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. విద్యుద్యంత్రములలో అందెవేసిన ఆ దేశమే రేకు విషయమున సుత్తెను విడువలేదనుట మనము ఆలోచింపదగినది.

విద్యుత్తు ఓడినదని దీని భావము కాదు. తనకు తగిన చోట అది రాజ్యమేలుచున్నది. మచిలీపట్టణమునకు చేరిన చిలకలపూడి పేరు వినని తెలుగువారు అరుదు. హీనలోహముపై బంగారపు పొరను వేడిమితోను ఒత్తిడితోను అతికి, రెండింటిని కలిపి సాగదీయు పనిని 'రోల్డు గోల్డు' అందురు. ఈ జాతి నగలవలననే 'చిలకలపూడి బంగారము' అను మాట భాషలో నిలిచినది. ఇప్పుడు విద్యుత్పూత నగలు 'వన్ గ్రామ్ గోల్డ్' అను పేర ఊరూర అమ్ముడగుచున్నవి. పేరులో గ్రామున్నది, వస్తువులో ఎంతయుండునో చూతము. 40 చదరపు సెంటీమీటర్ల పైవైశాల్యము గల గాజుకు అర మైక్రాను పూత వేసిన, పట్టు బంగారము సుమారు 39 మిల్లీగ్రాములు. ఆంపియరు ప్రవాహము 19 సెకనులు నడచిన ఆ పని తీరును. గ్రాములో ఇరువదియవ వంతుకూడ కాదు. అయినను ఇందు మోసమున్నదని మేము అనము. పూతయని చెప్పి అమ్మినది పూతయే. బంగారము కొనలేని ఇంటి ఆడపడుచు పెండ్లిపీటలపై మెరయుటకు అది తోడ్పడినది. సయనైడు ఘోరవిషమగుటచేత ఆ పనివారికి రక్షణయు, వాడిన నీటికి శుద్ధియు కల్పించుట మాత్రము విడువరాని ధర్మము. పాదరసమునుండి కార్మికుని విడిపించిన విద్య మరియొక విషమునకు అతనిని అప్పగింపరాదు గదా!

చిక్కంతయు పేరు మార్చి అమ్మిన చోటనే కలుగుచున్నది. తంజావూరు పటములకు 2007–08లో భౌగోళిక గుర్తింపు లభించినది. గిరాకి పెరిగినకొలది రాగియు తుత్తునాగమును కలిసిన ఇత్తడి రేకును, ప్లాస్టిక్కు పొరపై అల్యూమినియమును పట్టించి పసుపు రంగు వేసిన తళుకును వాడిన పటములును సంతలోనికి వచ్చినవి. మన భాషలో దీనికిని పాతమాట ఉన్నది: కాకిబంగారము. చూపునకు క్రొత్తలో భేదము తోచదు. కొన్ని ఏండ్లకు ఇత్తడి నల్లబడును, రేకు అట్లే నిలుచును. కాని అప్పటికి అమ్మినవాడు దొరకడు. అసలు రేకు వేసిన చిత్రకారుడు ధర చెప్పగా, కాకిబంగారపు పటము ధరతో పోల్చి బేరమాడుదురు. ఆ బేరములో ఓడిపోవునది కొన్ని తరముల విద్య. తండ్రి చేసిన పని కొడుకు విడుచుటకు ఇంతకు మించిన కారణము అక్కరలేదు.

తెలిసికొను మార్గములు కొన్ని కలవు. అంటింపని రేకును వెలుతురునకు అడ్డముగా పట్టి చూచిన, కొట్టిన బంగారు రేకుగుండ వచ్చు కాంతి ఆకుపచ్చగా ఉండును. ఫారడే 1850 తరువాతి సంవత్సరములలో ఈ విశేషమునే శ్రద్ధగా పరిశీలించెను. ఇత్తడి రేకు మందముగా ఉండుటచేత ఇట్లు వెలుగు చొరనీయదు. విడిగానున్న రేకు ముక్కపై నత్రికామ్లపు చుక్క వేసిన, ఇత్తడి కరగిపోవును, మేలిమి నిలుచును. ఈ ఆమ్లపరీక్షను పటముపై చేయరాదు, తెలిసినవారి చేతనే చేయింపవలెను. అన్నిటికంటె సులువైన ఉపాయము, పటము చేయించునప్పుడే చిత్రకారుని పనిశాలకు పోయి రేకు పుస్తకమును చూచుట, ఏ రేకు, ఎన్ని వన్నెలది అను సంగతిని రసీదులో వ్రాయించుకొనుట.

మన సంఘములకును మేము ఒక మనవి చేయుచున్నాము. ఉత్సవములలో బహుమతులకు తంజావూరు పటములు కొనుచున్నాము, కల్యాణమండపములలో వ్రేలాడదీయుచున్నాము. ఇకమీదట ప్రతి పటము వెనుకను మూడు మాటలలో ఏదో ఒకటి తెలుగులో వ్రాయింతము: రేకు, పూత, తళుకు. రేకైన రేకు ధర ఇత్తము, పూతయైన పూత ధర, తళుకైన తళుకు ధర. ఎవరిని తక్కువ చేయనక్కరలేదు, ఎవరిని మోసగింపనక్కరలేదు. నాలుగు వందల యేండ్లకు పైగా ఈ గడ్డపై తెలుగు మాటలాడుచు బంగారమును పలకపై నిలిపినవారి వంశీయులకు మనము చేయగల సాయము సభలలో శాలువ కప్పుటతో తీరదు. వారి సరకును దాని పేరుతో పిలిచి, దాని వెలకు కొనినప్పుడే వారి పిల్లలు రేకును పట్టుకొనుట నేర్చుకొందురు.